వెనకవైపు గీత

మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ పోట్లాడేవాళ్లు కాదు. ఏదున్నా దేవుడితోనే చెప్పుకునేవాళ్లం, అదీ పక్కవాళ్లకు బాగా వినపడేలా.

రోజూ సాయంత్రం నాన్న కింద గాజు షాపు మూసి, అద్దాలు బిగించగా చేతులకు అంటిన లప్పం కడుక్కుని పైకి రాగానే ముందుగదిలో చాప పరిచేవాళ్లం. ఒక పాట, కొంచెం బైబిలు వాక్యం, ఆ తర్వాత వరస ప్రార్థన. అందరిలోకీ చిన్నదాన్ని కాబట్టి నాతో మొదలు. నా తర్వాత అన్నయ్య, ఆ తర్వాత అమ్మ, మేనత్త, చివర నాన్న. అత్త నాన్నకన్నా పెద్దదే అయినా, ముగించే హక్కు ఇంటి యజమానిదని నాన్న ఎప్పుడో తేల్చేశాడు. కళ్లు మూసుకున్నాక ఒకరి మాటకు ఇంకొకరు అడ్డు రాకూడదు. అది దేవుడితో చెప్పుకునే మాట కదా, మధ్యలో దూరడానికి మనమెవరం?

ఈ సౌకర్యాన్ని మావాళ్లు వాడుకున్నంతగా ఇంకెవరూ వాడుకుని ఉండరు. "ప్రభువా, ఈ ఇంట్లో నా దుప్పటి ఎవరు కప్పుకుంటున్నారో అది నీకు మరుగు కాదు," అని అత్త ఒకరోజు అంటే, మర్నాడు తన వంతు వచ్చేదాకా అమ్మ ఓపిక పట్టేది. "తండ్రీ, పగలంతా కుర్చీ దిగని మోకాళ్లకు కాస్త బలమియ్యి. తలుపు కొట్టినవాళ్లకు గడియ తీసేంత బలం చాలు," అనేది. నాన్న అందరివీ విని, చివర్లో తన తీర్పు చెప్పి ఆమేన్ అనేవాడు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు, "మీ ఇంట్లో ఎంత శాంతి సమాధానం ఉందండీ," అని మెచ్చుకుని వెళ్లేవాళ్లు.

అన్నయ్య ఒక్కడికే ఈ విద్య పట్టుబడలేదు. తను నిజంగానే దేవుడితో మాట్లాడేవాడు.

ఆ ఎండాకాలానికి అన్నయ్య చదువు అయిపోయి ఏడాది దాటింది. ఎక్కడికి వెళ్లి అడిగినా చూద్దాం అన్నవాళ్లే తప్ప రమ్మన్నవాళ్లు లేరు. ఖాళీగా కూర్చోవడం దేనికని నాన్న షాపులోకి దింపాడు. గాజు పలకలు తుడవడం, కొలతలు వేయడం, కట్టర్ చక్రాన్ని కిరసనాయిలులో ముంచి గీత గీయడం, ఆ గీతను బల్ల అంచు మీదికి తెచ్చి అరచేత్తో ఒక్క నొక్కు నొక్కడం, ఇదీ పని. అన్నయ్య చెయ్యి తిరిగిన చెయ్యి. నెల తిరక్కుండానే షాపుకు వచ్చే వడ్రంగులు, "మీవాడి చేతే కోయించండి," అనడం మొదలుపెట్టారు. అది విని నాన్నకు ఆశ పుట్టింది. అప్పటికే నాన్నకు చూపు మసకబారింది. తను గీసిన గీత తనకే ఆనక వేలితో తడుముకునేవాడు. ఆ సంగతి మాత్రం ఎవరితోనూ అనలేదు, ప్రార్థనలో కూడా.

అమ్మ ఆశ వేరు. కొడుకు కడుపులో ఉండగానే వాణ్ణి దేవుని సేవకు ఇచ్చేస్తానని మాట ఇచ్చేసింది. ఇచ్చిన మాట ఆవిడది, చెల్లించాల్సింది అన్నయ్య.

ఎండలు ముదురుతుండగా మా సంఘంలో పాస్టరుగారు కుర్రవాళ్లకోసం ఆదివారం సాయంత్రాలు కూడికలు పెట్టారు. ప్రార్థన అవసరాలు చెప్పండి అంటే అందరిదీ ఒకటే అవసరం. నా భవిష్యత్తు గురించి ప్రార్థించండి అని ఒకడు లేచి చెప్పి కూర్చునేవాడు, నాది కూడా అని వాడి పక్కవాడు లేచేవాడు. వినీ వినీ పాస్టరుగారికే విసుగొచ్చినట్టుంది. ఒక ఆదివారం చివర్లో అన్నారు: "దైవసేవ శిక్షణకు వెళ్లాలనుకునేవాళ్లు వానలు పడేలోగా నాతో చెప్పండి. పిలుపు ఉంటేనే రండి. పని దొరకలేదని మాత్రం రాకండి."

ఆ రాత్రి అన్నయ్య అన్నం సరిగ్గా తినలేదు. మర్నాడు సాయంత్రం తన వంతు వచ్చింది. మెల్లగా మొదలుపెట్టాడు.

"ప్రభువా, నాకేం తెలియడం లేదు. పిలుపు ఉంటేనే రమ్మన్నారు. నాకేమీ వినపడలేదు. వినపడలేదని షాపులో ఉండిపోతే అది భయమేమో. వెళ్లిపోతే అది పని దొరక్క పారిపోవడమేమో. ఏది నీ మాటో, ఏది నా మాటో తేల్చుకోలేకపోతున్నాను. నాకు నువ్వే చెప్పాలి."

అమ్మ వెంటనే అందుకుంది. "తండ్రీ, పుట్టకముందే నీకిచ్చేసిన బిడ్డ. నీకిచ్చినదాన్ని వెనక్కి లాక్కునే చేతుల్ని నువ్వే గద్దించు." అత్త తన వంతుకు, సేవకు వెళ్లినవాళ్లకు వేళకు భోజనం పెట్టే ఏర్పాటు చేయమని అడిగింది. ఆఖరున నాన్న, "ప్రభువా, చేతిలో ఉన్న పని వదిలేసి ఒకరి కూటికి ఎదురుచూసే బతుకు నా కొడుక్కి రానివ్వకు. తెలియదనేవాడికి తెలివినియ్యి. ఆమేన్," అన్నాడు.

పాపం, అన్నయ్య ఒక ప్రశ్న అడిగితే దేవుడికన్నా ముందు ముగ్గురు జవాబు చెప్పారు.

ఆ వారంలోనే ఇంకో సాయంత్రం ఒక గుర్తు చూపించమని అడిగాడు. పూర్వం భక్తులు అడిగారు కదా, నేనూ అడుగుతున్నాను, కోపగించుకోకు అని దేవుణ్ణి బతిమాలుకుని, "నేను ఎవరికీ చెప్పను. ఎవరో ఒకరు తమంతట తాము నా దగ్గరికి వచ్చి, నువ్వు దేవుని పనికి పనికొస్తావు అనాలి. అంటే వెళ్తాను," అన్నాడు. ఎవరికీ చెప్పనన్న మాటను చాప మీద నలుగురం చెవులు రిక్కించి విన్నాం.

శనివారం మధ్యాహ్నం అమ్మ షాపులోంచి చెక్క ఫ్రేము కట్టిన నిలువుటద్దం ఒకటి తీసి, పాత దుప్పటి చుట్టి, రెండో చివర నన్ను పట్టుకోమంది. ఎండలో నడిపించి నర్సమ్మగారింటికి తీసుకెళ్లింది. ఆవిడ ఆసుపత్రి పని మానేసి చాలా కాలమైంది. సంఘంలో ముందు బెంచీ ఆవిడదే. ఆవిడ ఏదైనా అన్నదంటే దర్శనం వచ్చి అన్నదనే లెక్క.

"ఎందుకమ్మాయ్ ఇదంతా," అంది అద్దాన్ని ఎక్కడ తగిలించాలా అని గోడలు చూసుకుంటూ.

"ఊరికే అక్కా. మా వాణ్ణి చూస్తే మీకేమనిపిస్తుంది?"

"మంచి కుర్రాడు. నెమ్మదస్తుడు."

"దేవుని పనికి పనికొస్తాడనిపించదూ?"

నర్సమ్మగారు అద్దంలో తన ముఖం చూసుకుంది. "ఎందుకనిపించదు, అనిపిస్తుంది."

"ఆ అనిపించినదేదో వాడితో ఒక్క మాట అంటే, పిల్లాడికి ధైర్యంగా ఉంటుంది."

తిరిగొచ్చేటప్పుడు అమ్మ నాతో, ఎవరికీ చెప్పొద్దు అని కూడా అనలేదు. తను తప్పు చేస్తున్నానని అనుకుంటే కదా దాచమని చెప్పడానికి.

ఆదివారం ఆరాధన అయ్యాక, అందరూ చెప్పులు వేసుకుంటున్న చోట, నర్సమ్మగారు అన్నయ్య భుజం పట్టుకుని ఆపింది. "ఒరే అబ్బాయ్, నిన్ను చూస్తే నాకెందుకో నువ్వు దేవుని పనికి పనికొస్తావనిపిస్తుందిరా." అన్నయ్య ముఖం వెలిగిపోయింది. ఆవిడ రెండు చేతులూ పట్టుకుని నిలబడిపోయాడు. వాడి ముఖం అలా ఉండగా నేనెప్పుడూ చూడలేదు, ఆ తర్వాత కూడా చూడలేదు. అంత సంతోషం అంత చవగ్గా దొరికిందే అని ఓర్వలేకపోయాను. ఇంటికి వెళ్లాక మేడమెట్ల మీద ఆపి అద్దం సంగతి చెప్పేశాను.

అన్నయ్య కోప్పడతాడనుకున్నాను. "దేవుడు మనుషుల నోటితోనే మాట్లాడతాడు చిన్నీ. అమ్మ నోరైతే మాత్రం ఏం?" అన్నాడు. అన్నాడు గానీ మెట్టు మీద కూలబడ్డాడు.

"అయితే వెళ్తావా?"

"ఇంకొక్కసారి అడుగుతాను. మనుషుల నోటితో పని లేనిది అడుగుతాను."

"అడిగితే అడిగావు, మనసులో అడుక్కోరాదూ? అందరూ వినేలా ఎందుకు?"

"పైకి అడిగితేనే ప్రార్థన. లోపల అనుకునేది ఆలోచన," అన్నాడు. మాకు చిన్నప్పటి నుంచీ నాన్న నేర్పిన మాటే అది. పెదవి కదలని ప్రార్థన ఇంటి కప్పు దాటదనేవాడు.

మా షాపులో వెనకగోడకు ఆనించి ఒక పెద్ద పలక ఉండేది. మూతపడిన ఏదో దుకాణం ముందు కిటికీది, నా ఎత్తుకు మించి ఉండేది, మందం కూడా ఎక్కువ. ఒక మూల కాస్త చిట్లి ఉండడంతో ఏళ్ల తరబడి ఎవరూ దాని జోలికి పోలేదు. అది ఎవరి చేతికీ లొంగదని నాన్న అనేవాడు. ఆ సాయంత్రం అన్నయ్య దాన్ని దేవుడి ముందు పెట్టాడు.

"ప్రభువా, రేపు పొద్దున ఆ పలకను కోస్తాను. గీత మీద నిలువునా విడిపోతే వెళ్తాను. అడ్డంగా పగిలితే ఇక్కడే ఉండిపోతాను, మళ్లీ అడగను. దీంట్లో ఎవరి మాటా లేదు. నువ్వూ, నేనూ, గాజు."

నాన్న వంతు వచ్చినప్పుడు ఎప్పుడూ లేనంత క్లుప్తంగా, "నీ చిత్తమే జరగనియ్యి, ఆమేన్," అని లేచిపోయాడు. అమ్మకు అది బాగా నచ్చింది. మనిషి మెత్తబడ్డాడనుకుంది.

పొద్దున్నే షాపు ఊడ్వడానికి దిగితే నాన్న అప్పటికే కింద ఉన్నాడు. ఆ పలకను గోడ దగ్గర నుంచి కొంచెం ఇవతలికి జరిపి, దాని వెనక్కి వంగి ఉన్నాడు. "దుమ్ము పట్టింది, తుడుస్తున్నా," అన్నాడు. చేతిలో గుడ్డ ఉంది. కొడుక్కి సాయం చేస్తున్నాడు కాబోలు అని నాకూ ముచ్చటేసింది.

ఎండ ఎక్కకముందే అందరం కిందికి చేరాం. అమ్మ చేతుల తడి కూడా తుడుచుకోకుండా వచ్చి మెట్ల దగ్గర నిలబడింది. అత్త తన కుర్చీ తనే మోసుకుంటూ దిగింది, అంతవరకూ మోకాళ్లకు అంత బలం ఉందని మాకెవరికీ తెలియదు. అన్నయ్య బల్ల మీద దుప్పటి పరిచాడు, కట్టర్ చక్రాన్ని కిరసనాయిలులో ముంచి పక్కన పెట్టాడు. అంత పలకను బల్ల మీదికి ఎత్తాలంటే ఇద్దరు కావాలి. నాన్న రెండడుగులు ముందుకు వేశాడు.

"వద్దు నాన్నా, నేనే ఎత్తుతాను. నువ్వు పట్టుకుంటే మళ్లీ మనుషుల చెయ్యి పడినట్టవుతుంది."

"ఒక్కడివి ఎత్తలేవురా."

"ఎత్తుతాను."

నాన్న అక్కడే ఆగిపోయాడు. అన్నయ్య వంగి, ఒక చెయ్యి అడుగున వేసి, ఇంకో చెయ్యి పై అంచు మీద వేశాడు. నాన్న నోరు తెరిచాడు. ఏదో అనబోయి మా వంక చూశాడు, అమ్మ వంక చూశాడు. మళ్లీ నోరు మూసుకున్నాడు.

పలక నేల మీంచి లేచింది. బల్ల ఎత్తుకు వచ్చేలోపే ఎండుపుల్ల విరిగినంత చిన్న చప్పుడైంది, అంతే. ఏటవాలుగా రెండు ముక్కలైంది. పైముక్క జారి అన్నయ్య కుడి మణికట్టు మీదుగా దిగింది. రక్తం చూసి అమ్మ కేకలు పెడుతుంటే, అన్నయ్య మాత్రం తన చెయ్యి వంక చూడలేదు. కింద పడ్డ ముక్కల వంకే చూస్తున్నాడు.

ఆసుపత్రిలో కట్టు కట్టి, తెగిన నరాలు కలిపామని చెప్పారు. బొటనవేలూ, దాని పక్క రెండు వేళ్లూ ఇక గట్టిగా ముడుచుకోవన్నారు. అన్నం ముద్ద ఎత్తుకోగలడు గానీ పట్టు పట్టే పని ఏదీ ఆ చేత్తో జరగదన్నారు. అది విని నాన్న బయటికి వెళ్లి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

మంచం మీద అన్నయ్య ఏడవలేదు. నన్ను దగ్గరికి పిలిచి అన్నాడు: "జవాబు వచ్చేసింది చిన్నీ. నేనింకా గీత కూడా గీయలేదు, చూశావా? గీయనివ్వలేదు. అంత గట్టిగా చెప్పాడు."

"వెళ్లడానికి చేతితో పనేముంది? నోటితో కదా చెప్పేది."

"పగిలితే ఉండిపోతానన్నాను. మాట తప్పమంటావా?"

అలా అన్నయ్య రెండింటికీ చెడ్డాడు. సేవకు వెళ్దామంటే దేవుడు వద్దన్నాడు, షాపులో ఉందామంటే చెయ్యి లేదు. సంఘం వాళ్లు తండోపతండాలుగా వచ్చి చూసి వెళ్లారు. దేవుడు ప్రేమించినవాణ్ణే శిక్షిస్తాడని ఒకరు, ప్రాణం దక్కింది అదే పదివేలని ఇంకొకరు అన్నారు. నర్సమ్మగారు కట్టు విప్పి చూసి, కుట్లు బాగా పడలేదని పెదవి విరిచింది. దేవుని పని సంగతి ఆవిడకు గుర్తున్నట్టు లేదు. అత్త అయితే ఒక సాయంత్రం ప్రార్థనలో, తన కుర్చీకి అంటిన రక్తపు మరక పోయే మార్గం చూపించమని అడిగింది.

మూడు, నాలుగు రోజులకు షాపులో ముక్కలు ఎత్తాల్సిన పని నాకు పడింది. చీపురుతో చిన్నవి ఊడ్చి, పెద్దవి చేత్తో ఏరి డబ్బాలో వేస్తున్నాను. ఒక ముక్క వెలుగులోకి తిప్పితే అంచు పక్కన సన్నగా మెరిసింది. గీత. వేలితో తడిమితే తగిలింది. చక్రం గీసిన గీతే. చేయి తిరగనివాడు గీసినట్టు కాస్త వంకర పోయి, మళ్లీ సర్దుకుని, ఏటవాలుగా వెళ్లింది. పలక పగిలింది కూడా దాని వెంబడే. గోడవైపు ఉన్న ముఖం మీద ఉంది అది. అన్నయ్య ఆ పలక మీద కట్టర్ పెట్టనే లేదు కదా అని ఒకటికి రెండుసార్లు గుర్తు చేసుకున్నాను.

ముక్క పట్టుకుని నాన్న దగ్గరికి వెళ్లాను. బల్ల దగ్గర లప్పం పిసుకుతున్నాడు.

"నాన్నా, ఇది ఎవరు గీశారు?"

ముక్కను నా చేతిలోంచి తీసుకున్నాడు. చూడలేదు, బొటనవేలితో ఒకసారి తడిమాడు. "గాజుతో ఆటలేంటి, చెయ్యి తెగుతుంది," అని డబ్బాలోకి విసిరేశాడు. అది పడి ముక్కలైంది. మళ్లీ లప్పం పిసకడం మొదలుపెట్టాడు. ఊహ తెలిసినప్పటి నుంచీ నాన్నంటే నాకు భయమే. ఆ ఒక్క క్షణంలో అసహ్యం కూడా వచ్చి చేరింది.

అప్పటికి ఆకాశం మబ్బు పట్టి ఉంది గానీ వాన ఇంకా పడలేదు. పాస్టరుగారు చెప్పిన గడువు ఇంకా ఉంది. అన్నయ్యకు నిజం తెలిస్తే వెళ్తాడు, వెళ్లి తీరతాడు అనుకున్నాను. మా ఇంట్లో ఎవరూ అడ్డురాకుండా మాట చెప్పే చోటు ఒక్కటే ఉంది. సాయంత్రం చాప పరిచారు. పాట అయింది, వాక్యం అయింది. నా వంతు వచ్చింది.

"ప్రభువా," అన్నాను. "ఆ పలకను పగలగొట్టింది నువ్వు కాదు. దాని వెనకవైపు ముందే గీత గీసి ఉంది. ఆ పొద్దున నాన్న దాని వెనక వంగి ఉండగా నేను చూశాను. ఆ ముక్క నా చేతిలోంచి తీసుకుని నాన్న విరగ్గొట్టాడు. అన్నయ్యకు నువ్వు ఇంతవరకూ ఏమీ చెప్పలేదు. ఇకనైనా చెప్పు."

నాన్న ఊపిరి పీల్చడం వినపడింది. కళ్లు మూసుకున్నారు కాబట్టి ఎవరూ నన్ను ఆపలేకపోయారు. ఆ నియమం పెట్టినవాడు నాన్నే.

తర్వాతి వంతు అన్నయ్యది. లేచి వెళ్లిపోతాడేమోనని నాకు ఆశగా ఉంది. కానీ మామూలు గొంతుతోనే అన్నాడు.

"ప్రభువా, అమ్మ నోటితో వెళ్లమన్నావు. నువ్వే అన్నావనుకున్నాను. నాన్న చేత్తో వద్దన్నావు. అదీ నువ్వే అనుకున్నాను. మనుషుల్లోంచే మాట్లాడతావని చిన్నదానితో నేనే వాదించాను. ఆ మాట నిజమైతే ఏం చెయ్యాలో నీకే తేలలేదు. అబద్ధమైతే నువ్వసలు నోరు విప్పలేదు. నాకు దారి చూపించమని ఇక అడగను. ఇవాళ నీ కోసం అడుగుతున్నాను. నీకు కూడా ఎవరో ఒకరు దారి చూపించాలి. ఎవరిని అడగాలో మాత్రం నాకు తెలియడం లేదు."

చెయ్యి పోయినప్పుడు కూడా వాడి దగ్గర దేవుడు మిగిలే ఉన్నాడు. నేను చెప్పిన నిజం ఆ మిగిలినదాన్ని కూడా తీసేసింది.

అమ్మ ప్రభువా అని మాత్రం అనగలిగింది, ఆ పైన వెక్కిళ్లే. అత్త గొంతు సవరించుకుంది. "ప్రభువా, ఈ ఇంటి గుట్టు ఈ నాలుగు గోడలు దాటనియ్యకు," అంది.

మిగిలింది నాన్న. ఒక్క మాట చాలు. తప్పు నాదని ఒక్క మాట అంటే, ఎవరికి తెలుసు, అన్నయ్య ఇంకా వెనక్కి తిరిగేవాడేమో. నేను కళ్లు తెరిచి నాన్న ముఖం చూశాను. చెమట పట్టి ఉంది. పెదవులు తడుపుకున్నాడు.

"తండ్రీ, పిల్లల మాటల్ని మనసులో పెట్టుకోకు. వాళ్లకు నీ మార్గాలు తెలియవు. దూరం వెళ్లిపోవాల్సిన నా కొడుకుని నా కళ్లెదుటే ఉంచావు. అందుకు నీకు స్తోత్రం. ఆమేన్."

అందరికన్నా ముందు ఆమేన్ అన్నది అన్నయ్యే. లేచి, బాగున్న చేత్తోనే చాప చుట్టి మూలన పెట్టి, అన్నం పెట్టమని అమ్మను అడిగాడు.

ఆ వారం చివర్లో వాన మొదలైంది. ఒక పొద్దున అన్నయ్య షాపులోకి దిగేసరికి, నాన్న బల్ల మీద కట్టర్ పెట్టి దాని పక్కనే నిలబడి ఉన్నాడు. "ఎడమచేత్తో నేర్చుకో. కుదురుతుంది," అన్నాడు. అన్నయ్య ఆ చేత్తోనే కట్టర్ అందుకున్నాడు. చెడిపోయిన పలకలన్నీ వాడి ముందు పేర్చారు. రోజంతా గీసేవాడు, పగిలినవి పక్కన పడేసేవాడు. అమ్మ ఎప్పుడైనా కిందికి దిగితే ఆ చప్పుడు విని సగం మెట్ల మీంచే వెనక్కి వెళ్లిపోయేది.

అలాంటి ఒక రోజు పాస్టరుగారు గొడుగు ముడుచుకుంటూ షాపులోకి వచ్చారు. శిక్షణకు ఒప్పుకున్న పిల్లలు మర్నాడు బయల్దేరుతున్నారట. నాన్న కుర్చీ వేశాడు. ఆయన అన్నయ్య చెయ్యి పట్టుకుని చూసి, బాధగా తల ఊపారు.

"దేవుడు ఒక తలుపు మూసేశాడు బాబూ, ఏం చేస్తాం. ఆ పిల్లలకోసం నువ్వొక మాట ప్రార్థన చెయ్యి. ముందేం ఉందో తెలియక బెంగ పడుతున్నారు. నలిగినవాడి ప్రార్థన ఆయన తప్పకుండా వింటాడు."

అన్నయ్య పలక తుడుస్తున్నవాడల్లా ఆగాడు. "నేనెందుకండీ, మా నాన్ననే అడగండి. నాన్న అడిగితే జరిగి తీరుతుంది."

పాస్టరుగారు మురిసిపోయారు. "చూశారా, పిల్లాడికి మీరంటే ఎంత గురో," అన్నారు నాన్నతో. నాన్న అన్నయ్య వంక చూశాడు. అన్నయ్య కూడా నాన్న వంక చూశాడు, కోపంగా ఏమీ కాదు, ఇవ్వాల్సిన సరుకు ఇచ్చేసినవాడిలా చూశాడు. తర్వాత పలకను దగ్గరికి లాక్కుని కట్టర్ చక్రాన్ని కిరసనాయిలులో ముంచాడు.

నాన్న కళ్లు మూసుకున్నాడు. ప్రార్థన బాగా చేశాడు, గొంతు ఎక్కడా తడబడలేదు. బయల్దేరుతున్న బిడ్డలకు నీ స్వరం స్పష్టంగా వినిపించు అన్నాడు. వాళ్లకూ నీకూ మధ్య ఏ మనిషి చెయ్యీ అడ్డు రానివ్వకు అని కూడా అన్నాడు. పాస్టరుగారు మాట మాటకీ ఆమేన్ అంటూ తల ఊపుతున్నారు. అన్నయ్య కళ్లు మూయలేదు. ఎడమచేత్తో గీత చివరిదాకా లాగి, దాన్ని బల్ల అంచు మీదికి తెచ్చి నొక్కాడు. పలక అడ్డంగా పగిలింది. ముక్కలు డబ్బాలోకి నెట్టి ఇంకో పలక తీసుకున్నాడు.